ధర్మాసుపత్రులు

పోయిన వర్షకాలమున ఒక చిన్న పట్టణమునకు పోవలసివచ్చి, మేమచ్చటి ప్రభుత్వాసుపత్రిలో ఒక పూట గడపితిమి. కట్టడము క్రొత్తది. గోడల రంగు ఇంకను చెదరలేదు. ద్వారము ప్రక్క నల్లరాతి ఫలకముమీద ప్రారంభోత్సవము జరిపిన మంత్రిగారి పేరును, వేదిక నలంకరించిన పెద్దల పేళ్లును బంగారు వన్నెతో చెక్కబడియున్నవి. ఆ ఫలకమున కెదుటి గోడమీద మఱియొక పలక కలదు. అందు వైద్యుల పేళ్లు సుద్దతో వ్రాయుదురు. స్త్రీల వైద్యురాలి పేరున్నది, పిల్లల డాక్టరు పేరున్నది, శస్త్రవైద్యుని పేరున్నది. మత్తు డాక్టరు అను మాట కెదురుగా మాత్రము ఒక గీత గీయబడియున్నది. అది యెన్నాళ్ల నుండి యున్నదని అడిగితిమి. వార్డు ఆయా నవ్వి, "ఈ బిల్డింగు కట్టినకాడి నుంచీ అంతేనండి" అనెను.

ఆ పూటనే ఒక నిండు చూలాలిని ఆటోలో తీసికొనివచ్చిరి. బిడ్డ అడ్డము తిరిగినది. ఆపరేషను చేయవలెనని వైద్యురాలు క్షణములో తేల్చిచెప్పెను. ఆమె సిద్ధముగా నున్నది, బల్లయు దీపములును సిద్ధముగా నున్నవి, రక్తము కూడ నున్నదట. మత్తు ఇచ్చువారు లేరు. చీటి వ్రాసి, 108 బండిని పిలిపించి, 60 కిలోమీటర్ల దూరముననున్న పెద్దాసుపత్రికి పంపివైచిరి. దీనిని మన ఆసుపత్రులలో "రిఫరు చేయుట" అందురు. తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారని మఱునాడు తెలిసినది గావున ఈ సంగతిని మేము కొంత నెమ్మదిగా చెప్పగలుగుచున్నాము. లేనియెడల మా స్వరము వేఱుగా నుండెడిది.

ఈ వృత్తాంతమున దోషి యెవరు? వైద్యురాలు కాదు, ఆయా కాదు, బండి నడిపినవాడు కాదు. కట్టడమునకు సొమ్ము దొరకలేదా? దొరకినది. పరికరములకు దొరకలేదా? అదియును దొరకినది. ఒక్క కొలువునకు మాత్రము మనిషి దొరకలేదు. ఆ యొక్క కొలువు లేకపోవుటచేత మిగిలిన కొలువులకు మనము నెలనెల చెల్లించు జీతము కూడ సగము వ్యర్థమగుచున్నది. డెల్టాలో భూములున్న మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు. కాలువ త్రవ్వి, లాకులు కట్టి, తూములకు తలుపులు బిగించి, లస్కరును మాత్రము నియమింపనిచో చివరి పొలమునకు నీరెట్లు పోవును? మన ప్రభుత్వములు రెండును, ఆంధ్రమనకుండ తెలంగాణమనకుండ, గడచిన కొన్ని సంవత్సరములుగా లస్కరు లేని కాలువలను త్రవ్వుచున్నవని మా అభిప్రాయము.

ఇది ఒక్క ఊరి కొఱత కాదు. ప్రతి సామాజిక ఆరోగ్యకేంద్రములోను శస్త్రవైద్యుడు, సాధారణ వైద్యనిపుణుడు, స్త్రీవైద్యనిపుణురాలు, శిశువైద్యుడు అను నలుగురు స్పెషలిస్టు లుండవలెనని కేంద్రప్రభుత్వపు నియమము. 2021-22 సంవత్సరపు గ్రామీణ ఆరోగ్య గణాంకముల ప్రకారము దేశములోని గ్రామప్రాంతములందు 5,480 కేంద్రములు పనిచేయుచుండెను. వానికి 21,920 మంది స్పెషలిస్టులు కావలసియుండగా ఉన్నవారు 4,485 మంది మాత్రమే. అనగా నూటికి దాదాపు 80 స్థానములు శూన్యములు. ఈ లెక్కలో మత్తు డాక్టరును చేర్చలేదని గమనింపుడు. అన్ని రాష్ట్రముల స్థితియు ఒక్కటి కాదన్న మాట నిజమే. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఎం.బి.బి.ఎస్. వైద్యుల కొఱత మునుపటికంటె తగ్గినది. ఆంధ్రప్రదేశమున 2023 ఏప్రిలులో ఫ్యామిలీ డాక్టరు విధానము నారంభించి, కేంద్రమున కిద్దరేసి వైద్యులు, ఒకరు కేంద్రమున నుండ నొకరు గ్రామములకు పోవునట్లు ఏర్పాటు చేసిరి. ఏ పక్షమువారు చేసినను మంచిపనిని మంచిపని యనుటకు మాకు సంకోచము లేదు. కాని జ్వరమునకు మాత్ర ఇచ్చు చోటునకును, ప్రాణము మీదికి వచ్చినపుడు కత్తి పట్టవలసిన చోటునకును నడుమనున్న మెట్టు, అనగా ఏరియా ఆసుపత్రి, సామాజిక కేంద్రము, ఇప్పటికిని కుంటుచునే యున్నది. విశాఖ మన్యమున డోలీలో గర్భిణిని మోసికొనివచ్చు మనుష్యులు కొండ దిగి రోడ్డు చేరువఱకు పడు కష్టమును పత్రికలలో మనము చూచుచునే యున్నాము. రోడ్డు చేరిన తరువాత ఆమె యెన్ని ఆసుపత్రుల గడపలు తాకి పోవలసివచ్చునో ఆ ఛాయాచిత్రములలో కనబడదు.

ఈ రోగము నిన్నటిది కాదు. 1919 సంస్కరణల చట్టము ననుసరించి మద్రాసు రాజధానిలో ద్వంద్వ ప్రభుత్వ మేర్పడినపుడు వైద్యము, ఆరోగ్యము, విద్య మన మంత్రుల వశము చేసి, ఖజానా తాళపుచెవిని మాత్రము దొరలు తమ మొలకు కట్టుకొనిరి. ఆ ఇఱుకులో నుండియే పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజావారు, ముఖ్యమంత్రిగా నుండగా 1924లో ఒక పద్ధతి ప్రారంభమైనది. పల్లెలో స్థిరపడి వైద్యము చేయుట కంగీకరించిన వైద్యునకు ఏటేట కొంత సహాయధన మిచ్చుట ఆ పద్ధతి. ఇచ్చినది కొంచెము, చాలనిది. ఐనను అందొక సూక్ష్మము కలదు. మొదట వారు ఆలోచించినది గోడలనుగూర్చి కాదు, ఆ పల్లెలో కాపుర ముండు మనిషినిగూర్చి. పిమ్మట 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము వచ్చినది. అట్టి చట్టము దేశములో నదియే మొదటిది, అప్పటికి కోస్తా రాయలసీమల వారమందఱమును ఆ రాజధానిలోని వారమే. స్థానికసంస్థలు తమ రాబడిలో నింత భాగమును ప్రజారోగ్యమునకే తప్పక వేఱుపఱుపవలెనని అది శాసించెను. ఇప్పటి మన పురపాలకసంఘములలో అట్టి కట్టుబాటు ఎంత జీవించియున్నదో కౌన్సిలరులు తమ తమ బడ్జెటు పుస్తకములు విప్పి చూచుకొందురుగాక.

1943లో సర్ జోసెఫ్ భోరు అధ్యక్షతను నియమింపబడిన సంఘము 1946లో తన నివేదిక నర్పించెను. ధనము చెల్లింపలేని కారణముచేత ఎవ్వరికిని తగిన వైద్యము అందకపోరాదని ఆ సంఘము స్థాపించిన సూత్రమును నేటికిని మన నాయకులు ఉపన్యాసములలో వాడుకొనుచున్నారు. ఆ నివేదికలోని రెండవ సంగతి మాత్రము ఎవరికిని జ్ఞప్తి లేదు. తత్కాలపు ఏర్పాటుగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక కేంద్రముండవలెనని చెప్పి, వెంటనే ఆ కేంద్రములో పనిచేయవలసినవారి పట్టికను వారు వేసిరి. ఇద్దరు వైద్యులు, ఒక నర్సు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు మొదలుగా నౌకరుల వఱకు లెక్కించిరి. వారి దృష్టిలో కేంద్రమనగా ఆ పట్టిక. 1959లో ఏర్పడిన సంఘమునకు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు అధ్యక్షులు. క్రొత్త కేంద్రములు తెఱచుటకు ముందు ఉన్నవానిని బలపఱుపుడని వారు 1961లో హితము చెప్పిరి. మందమతికి కూడ అర్థమగు మాట. కాని ఉన్న ఆసుపత్రిలో ఒక ఖాళీ నింపుటకు రిబ్బను కత్తిరింపు ఉత్సవము జరుగదు గదా! శంకుస్థాపన మెవరికి, నియామకపు ఉత్తరు వెవరికి కనబడును?

ఇక ధనముమాట. 2017లో ప్రకటింపబడిన జాతీయ ఆరోగ్య విధానము రెండు వాగ్దానములు చేసెను. ప్రభుత్వముల ఆరోగ్యవ్యయము 2025 నాటికి దేశాదాయములో రెండున్నర శాత మగునట్లు చేయుట ఒకటి. 2020 నాటికి రాష్ట్రములు తమ బడ్జెటులో ఎనిమిది శాతమునకు మించి ఆరోగ్యమునకు వెచ్చించునట్లు చేయుట రెండవది. 2021-22 సంవత్సరమున, కరోనా ఉపద్రవము దేశమునంతను కుదిపివైచిన కాలమున కూడ, ఆ వ్యయము దేశాదాయములో 1.84 శాతమే. ఇది ప్రభుత్వమువారి జాతీయ ఆరోగ్య లెక్కలలోని అంకె. ఆ లెక్కలనే చూచినచో, ప్రజలు తమ చేతినుండి నేరుగా పెట్టుకొను ఖర్చు 2013-14లో మొత్తపు వైద్యవ్యయములో 64.2 శాత ముండగా 2021-22 నాటికి 39.4 శాతమునకు దిగినది. దిగుట సంతోషకరము. కాని వైద్యమునకగు ప్రతి పది రూపాయలలో ఇంకను నాలుగు రూపాయలు రోగి కుటుంబమే చేతి సంచినుండి తీసి పెట్టుచున్నదను మాట సంతోషకరము కాదు.

వైద్యము రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల పద్దులోనిది. ఆసుపత్రులు నడుపు భారము రాష్ట్రములది, పెద్ద పన్నులు వసూలు చేయు అధికారము కేంద్రముది. 2018-19 నుండి ఆదాయపు పన్ను మీద 4 శాతము "ఆరోగ్య విద్యా సెస్సు" విధించుచున్నారు. ఈ పత్రిక చదువువారిలో పలువురు దానిని చెల్లించువారే. సెస్సు రాష్ట్రములకు పంచవలసిన పన్నుల రాశిలో చేరదు. ఢిల్లీవారు తమ పథకముల ద్వారమున తమ షరతులమీద ఎంత విడుదల చేసిన నంతయే ప్రాప్తము. ద్వంద్వ ప్రభుత్వమును దొరలతోనే సాగనంపితిమని మనమనుకొనుచుంటిమి! ఐనను నింద అంతయు ఢిల్లీమీదకు త్రోసివేయుట న్యాయము కాదు. జాతీయ ఆరోగ్య మిషనులో కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు పెట్టుకొనవలెను. వచ్చిన సొమ్ము రాష్ట్ర ఖజానాలో నెలల తరబడి చిక్కి ఆరోగ్యసంఘములకు ఆలస్యముగా చేరుచున్నదనియు, ఏటి చివరకు ఖర్చుగాక మిగులుచున్నదనియు కంప్ట్రోలరు ఆడిటరు జనరలుగారు 2017లోని నివేదికయందు అనేక రాష్ట్రములనుగూర్చి వ్రాసిరి. ఒకవైపు నర్సులు చాలరు, మఱియొకవైపు మిగులు సొమ్ము! ఇది దారిద్ర్యము కాదు, అజాగ్రత్త.

ఆ మిషను సొమ్ముతో నియమింపబడువారు చాలవఱకు కాంట్రాక్టు ఉద్యోగులు. నర్సు, ల్యాబు టెక్నీషియను, ఫార్మసిస్టు, ఏ.ఎన్.ఎం. వీరందఱును ఏటేట గడువు పొడిగింపుకొఱకు కాచుకొనియుండువారు. పక్క బల్లయొద్ద అదే పని చేయు పర్మనెంటు ఉద్యోగికి వచ్చు జీతముతో పోల్చినచో వీరి జీతము చెప్పుటకు సిగ్గగును. ఆశా కార్యకర్తల సంగతి ఇంకను విచిత్రము. వారు ఉద్యోగినులు కారట, స్వచ్ఛందసేవికలట. గర్భిణుల పేళ్లు వ్రాయవలెను, టీకాలకు పిల్లలను తోడితేవలెను, క్షయరోగికి మందు అందుచున్నదో లేదో చూడవలెను, అర్ధరాత్రి నొప్పులు వచ్చినచో వెంట పోవలెను. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారి గౌరవవేతనమును నెలకు 10,000 రూపాయలకు పెంచెను. పెంచుట మంచిదే, కాని స్వచ్ఛందసేవ యను మాటకు అర్థ మేమి? మనయింట పని చేయువానికి కూలి తగ్గించి యిచ్చి, "నీవు సేవ చేయుచున్నావు" అనినచో వాడు ఊరకుండునా? కరోనా కాలమున తాత్కాలికముగా చేర్చుకొన్న వైద్యులను, నర్సులను ఆపద గడచిన పిమ్మట ఇండ్లకు పంపివైచితిమి. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు సరఫరా క్షీణించి 11 మంది మరణించిరని ప్రభుత్వమే ప్రకటించెను. అట్టి రాత్రులలో పడకల నడుమ పరుగెత్తినవా రెవ్వరో, వారిలో నెందఱు నేడు కొలువులో నున్నారో విచారించువా రెవరు?

"డాక్టరులు పల్లెలకు పోరు, వారికి డబ్బాశ" అని పట్టణపు అరుగులమీద తఱచుగా వినబడుచుండును. ఆశ లేని వృత్తి ఏదో మాకు తెలియదు. కాని వాస్తవము అంత సులువుగా తేలదు. ఇరువది ఐదేండ్ల యువకుడు, లేక యువతి, పరీక్షలలో తల పండించుకొని పట్టము పొంది మన్యములోని కేంద్రమునకు పోవును. నివాసమునకు క్వార్టరు లేదు, ఉన్నచో కప్పు కారును. భార్యకు గాని భర్తకు గాని అచ్చట ఉద్యోగము దొరకదు. బిడ్డకు బడి లేదు. రాత్రి కత్తిపోటు కేసు వచ్చినచో తోడు నిలుచు పోలీసు రాడు, రోగి చనిపోయినచో బంధువులు మాత్రము వచ్చి అద్దములు పగులగొట్టుదురు. ఇన్నిటికిని అతడు ఓర్చుకొనుట ఒక్క ఆశచేత. కొన్నియేండ్లు పల్లెలో పనిచేసినవారికి పి.జి. సీట్లలో వాటా ఇత్తుమని ప్రభుత్వము మాట యిచ్చియున్నది. తమిళనాడు ఆ వాటాను చిరకాలముగా గట్టిగా పట్టుకొనియున్నది. సర్వీసులోని వైద్యులకు అట్లు వాటా ఏర్పఱుచు అధికారము రాష్ట్రములకు కలదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మన మేమి చేసితిమి? 2024లో ఆంధ్రప్రదేశమున ఆ వాటాను తగ్గించితిమి. వైద్యులు సమ్మె చేయగా కొంత పెంచితిమి. 2025 సెప్టెంబరు చివర మఱల అదే వివాదము రేగి ప్రాథమిక కేంద్రముల వైద్యులు విధులు మానివైచిరి. సమ్మెవలన బాధపడినది రోగులే గావున మేము సమ్మెను మెచ్చుట లేదు. ప్రభుత్వము పక్షమునను ఒక వాదమున్నది. చదువు ముగించి వచ్చువారి కందఱికిని ఆయా శాఖలలో స్థానములు లేవని వారందురు. చిత్రము! ఊళ్లలో స్పెషలిస్టులు లేరు, సచివాలయములో స్పెషలిస్టులకు స్థానములు లేవు. ఈ రెండు మాటలును ఏకకాలమున నిజ మగుటకు కారణము ఒక్కటే. కొలువులు ఎచ్చట కావలెనో అచ్చట మంజూరు కాలేదు. ఎన్నడో వేసిన పట్టికలు నేటికిని నడచుచున్నవి.

ఇంతలో వైద్యకళాశాలల సందడి. ఆంధ్రప్రదేశమున 17 క్రొత్త కళాశాలలు సంకల్పించి, 2023 సెప్టెంబరులో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలలో ఐదింటిని తెఱచిరి. తెలంగాణమున జిల్లాకొక కళాశాల యని పట్టుపట్టి ఒక్కొక్కయేడు ఎనిమిదింటిని తొమ్మిదింటిని ప్రారంభించిరి. మన పిల్లలకు సీట్లు పెరిగినవని తల్లిదండ్రులు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. 1923లో విశాఖపట్టణమున ఒక్క వైద్యకళాశాల తెఱచుటకే ఆంధ్రదేశ మెంత సంబరపడెనో మన పెద్దలు చెప్పగా వినియున్నాము. కాని బోధించు ఆచార్యులను ఎచ్చటనుండి తెచ్చిరి? జిల్లా ఆసుపత్రులను బోధనాసుపత్రులుగా పేరు మార్చి, ఉన్నవారినే అటునిటు జరిపిరి. తనిఖీదారులు వచ్చునాటికి ఒక కళాశాల అధ్యాపకులు మఱియొక కళాశాల పట్టికలో కనబడుట ఈ శాఖలో తెలియనివారు లేని రహస్యము. 2025లో జాతీయ వైద్యకమీషను తెలంగాణములోని ప్రభుత్వ కళాశాలలలో పెక్కింటికి, అధ్యాపకులు చాలరనియు వసతులు చాలవనియు సంజాయిషీ నోటీసులు పంపెను. ఆంధ్రప్రదేశమున అదే సంవత్సరము సెప్టెంబరులో పది కళాశాలలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమున నడుపుటకు మంత్రివర్గము నిశ్చయింపగా పెద్ద రాజకీయవివాదము రేగినది. ఆ వివాదములో మేము నేడు దిగము. ఒక్కటి మాత్రము రెండు పక్షములవారిని అడిగెదము. కళాశాల ఎవరిచేతిలో నున్నను దానిలోని ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఎవరు, వారి జీత మెవరిచ్చెదరు, వారు ఆ ఊర నుండునట్లు ఏమి చేసెదరు? ఈ ప్రశ్నకు సభలోగాని వీధిలోగాని సమాధానము మేము వినలేదు.

ఆరోగ్యశ్రీమాట చెప్పక విడుచుట తగదు. 2007లో అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆ పథకము లక్షలాది పేదలకు గుండె ఆపరేషనులు మొదలుగా అదివఱకు కలలోనైన అందని వైద్యములను అందించెను. ఒక కూలివాని కుమారుని గుండెలోని రంధ్రము పూడ్చబడి వాడు బడికి పోవుచున్నాడనిన ఆ పుణ్యమును కాదనువా రెవరు? ఐతే మొదటినుండియు ఆ సొమ్ములో అధికభాగము ప్రైవేటు ఆసుపత్రులకే పోయినది. జబ్బు ముదిరి ఆపరేషను వఱకు వచ్చినపుడు సర్కారు ఖజానా తెఱచుకొనును. జబ్బు ముదురకుండ రక్తపుపోటును, మధుమేహమును కనిపెట్టి మందిచ్చు చిన్న ఆసుపత్రికి మాత్రము మనిషి నిచ్చుటకు అదే ఖజానా మూసికొనును. పైగా ఆ బిల్లులైనను సకాలమున చెల్లుచున్నవా? 2025లో ఉభయ రాష్ట్రములందును బకాయిలు పేరుకొనిపోయినవని ఆసుపత్రుల సంఘములు ఆ సేవలను కొన్నాళ్లు నిలిపివేసినవి. ప్రభుత్వపు సొంత ఆసుపత్రి బలముగా నుండినచో అట్టినాడు రోగి అచ్చటికి పోయెడివాడు. అది బలహీనమగుటచే ప్రైవేటువారు తలుపు మూయగనే రోగికి రెండు తలుపులును మూసికొనుచున్నవి.

హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి చరిత్ర ఇందుకు వేఱొక విధమైన సాక్ష్యము. మూసీ యొడ్డున 1925 నాటికి నిర్మింపబడిన ఆ భవనము రాజసౌధములకు తీసిపోదు. 2020 జూలై వానలకు నీరు వార్డులలో ప్రవేశింపగా పాత భవనమును ఖాళీ చేసి తాళము వేసిరి. 2025 జనవరి 31వ తేదీన గోషామహలులో క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరిగినది. ఈ నడుమ నాలుగున్నర యేండ్లు ఆ వైద్యులు, నర్సులు ప్రక్క భవనములలో ఇఱుకున సర్దుకొని వేలాది రోగులను చూచుచునే యుండిరి. భవనము మూతపడినను ఆసుపత్రి మూతపడలేదు, మనుష్యు లున్నారు గనుక. మేము పైన చూచిన చిన్న పట్టణములో దీనికి సరిగా విపర్యయము.

పాఠకులారా, ఒక నిష్ఠురపు మాటకు క్షమింపవలెను. మనలో కలిగినవారము జబ్బుపడినపుడు ప్రభుత్వాసుపత్రికి పోము. విజయవాడకో, హైదరాబాదుకో, ఇంకను కలిగినచో చెన్నపట్టణమునకో కారు కట్టించుకొని పోవుదుము. మనము పోము గనుక దానిగూర్చి అడుగము. మనము అడుగము గనుక శాసనసభ్యులును అడుగరు. దానికి మనము పెట్టుకొన్న పేరే చూడుడు, ధర్మాసుపత్రి! ఎవరో దయతలచి పెట్టిన సత్రమువలె మాటాడుదుము. అందులో ధర్మ మెవరిది? అగ్గిపెట్టె కొన్న కూలివాడు కూడ పన్ను చెల్లించుచున్నాడు. మన పొలము చేయు కౌలురైతు భార్యకు ఆపరేషనైనపుడు అప్పుకొఱకు అతడు మన గడపకే వచ్చును. ఆ యప్పు తీఱక మఱుసటి సంవత్సరము కౌలు నిలిచిపోవును. కనుక చిన్న పట్టణములోని ఆ సుద్దగీత మన లెక్కల పుస్తకములోనికి కూడ వచ్చి చేరుచున్నది. దీనిని దయకొఱకు వ్రాయుట లేదు. ఆసుపత్రుల అభివృద్ధిసంఘములలో మనవారనేకులు సభ్యులుగా నున్నారు. ఆ సమావేశములలో ప్రహరీగోడ, మంచినీటి యంత్రము, దాతల పేళ్ల ఫలకము చర్చకు వచ్చునంతగా ఖాళీల పట్టిక వచ్చుచున్నదా?

చేయదగినది అసాధ్యము కాదు. మత్తు డాక్టరులు దొరకని చోట్ల ఎం.బి.బి.ఎస్. వైద్యులకే 18 వారముల శిక్షణ యిచ్చి, ప్రాణాపాయములో ప్రసవపు ఆపరేషనులకు మత్తు ఇచ్చునట్లు తయారుచేయు పద్ధతి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను దినములనుండియు ఉన్నదే. కాని అట్లు శిక్షణ పొందినవానిని బదిలీలో ఆపరేషను గది లేని చోటికి పంపినచో ఆ 18 వారములును గంగలో కలిసినట్లే. కావున స్త్రీవైద్యురాలు, మత్తు ఇచ్చువారు, శిశువైద్యుడు, ఈ మువ్వురిని ఒక జట్టుగా ఒకేచోట నిలుపవలెను. మువ్వురిలో ఒకరిని కదలించినచో ఆ స్థానమున మఱొకరు చేరినపిమ్మటనే కదలింపవలెను. అట్టి జట్లను అన్ని ఊళ్లలోను ఒక్కమారే పెట్టలేనిచో కొన్ని ఊళ్లలోనే పెట్టుడు. ఆ ఊరిపేరు చుట్టుపట్ల అందఱికిని తెలియజేయుడు, 108 బండి నేరుగా అచ్చటికే పోవునట్లు చూడుడు. నాలుగుచోట్ల సగము ఆసుపత్రులకంటె ఒకచోట పూర్తి ఆసుపత్రి మేలు. మా ఊరి ఆసుపత్రి చిన్నబోయినదని మనలో కొందఱు కినుక వహింతురు, శాసనసభ్యులు మొదట వహింతురు. వహింపనిండు.

మన్యమునకు పోవువారికి జీతముమీద అదనపు భత్యము, క్వార్టరు, నిశ్చితమైన గడువు, గడువు తీరినపిమ్మట కోరినచోటికి బదిలీ వ్రాతమూలకముగా ఈయవలెను. పి.జి. వాటాను ఏటేట జీవోలతో మార్చక ఐదేండ్లకైనను స్థిరపఱుపవలెను. చదువు ముగిసినవారు ఎచ్చటికి పోవలసియుండునో సీటు తీసికొనునాడే తెలుపవలెను. తెలంగాణము 2022లో క్రొత్తగా చేరు ప్రభుత్వవైద్యులకు సొంత ప్రాక్టీసు నిషేధించెను. నిషేధమునకు మేము విరోధులము కాము, కాని ఒక చేతితో మూసినపుడు రెండవచేతితో ఏమి యిచ్చుచున్నామో కూడ చెప్పవలెను. కాంట్రాక్టు నర్సులలో ఏండ్లతరబడి ఒకే పడకల నడుమ తిరుగుచున్నవారిని పర్మనెంటు చేయుటకు ఒక క్రమమును, తేదీని ప్రకటింపవలెను. మన ఆడపిల్లలు నర్సుపని నేర్చి గల్ఫుదేశములకును, ఇంగ్లండునకును పోవుచున్నారని విచారించుటకు ముందు, ఇచ్చట వారికి మనము వ్రాసి యిచ్చిన కాగితమును ఒకమారు చదువవలెను.

ధన మెచ్చటిదని అడుగుదురు. రాష్ట్రముల బడ్జెటులలో ఎనిమిది శాతము వాగ్దానము నెఱవేర్చుటయే మొదటి జవాబు. 15వ ఆర్థికసంఘము 2021-26 కాలమునకు స్థానికసంస్థల ద్వారమున ఆరోగ్యమునకై 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. మన పంచాయతులకును పురపాలకసంఘములకును అందులో ఎంత చేరినది, చేరినది దేనికి వ్యయమైనదను లెక్కను సభముందు పెట్టుట రెండవది. క్రొత్త కట్టడములకు ఒక సంవత్సరము విరామమిచ్చి ఆ పద్దులో కొంత జీతములకు మరలించుట మూడవది. కట్టడపు ఖర్చు మూలధనమనియు, జీతము వృథావ్యయమనియు లెక్కించు అలవాటొకటి మన ఆర్థికశాఖలను పట్టియున్నది. కనిపించు సిమెంటు ఆస్తియట, కనిపించని శుశ్రూష ఖర్చట!

ఆర్థికమంత్రులు ఉభయరాష్ట్రములలోను వచ్చే బడ్జెటు చదువునపుడు, ఆరోగ్యశాఖ పద్దు వెంట ఒక చిన్న పట్టికను అచ్చువేసి సభ్యులకు పంచవలెనని మేము కోరుచున్నాము. ఆసుపత్రి పేరు, మంజూరైన కొలువు, అందున్న మనిషి, లేనిచో ఎన్ని నెలలుగా లేరు. నాలుగు గళ్లు చాలును. కాగితమునకు పెద్ద ఖర్చు కాదు. శాసనసభ్యులు ఆ పట్టికలో తమ నియోజకవర్గపు వరుసను చూచి, సభలో లేచి, అక్కడనున్న సుద్దగీతకు తేదీ యెప్పుడని మంత్రిగారిని అడుగుదురుగాక.